ఇంటి కంప్యూటర్‌లో సిగ్నల్: ఇన్‌స్టాల్ చేయడం ఎలా? చేశాక ఏం చూసుకోవాలి?



వేరే ఊళ్లో చదువుతున్న పెద్దబ్బాయితో వీడియో కాల్, అమెరికా నుంచి బాబాయి పంపిన ఫొటోలు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఆఫీసు పత్రాలు... ఇవన్నీ ఇప్పుడు మెసేజింగ్ యాప్‌లలోనే నడుస్తున్నాయి. అయితే నాలుగు పేజీల పీడీఎఫ్‌ను ఫోన్ తెర మీద చదవడం, పొడవైన జవాబును బొటనవేలితో టైప్ చేయడం కష్టమే. అందుకే చాలామంది అదే యాప్‌ను ఇంట్లోని డెస్క్‌టాప్‌లో, ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టుకుంటున్నారు. ఈ నెల ‘సిగ్నల్’ అనే ఓపెన్ సోర్స్ మెసేజింగ్ సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో చూద్దాం.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేమీ కాదు, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అసలు ఆలోచించాల్సింది ఆ తర్వాతి సంగతి. ఫోన్ మన జేబులో ఉంటుంది, దానికి వేలిముద్ర తాళం ఉంటుంది. ఇంటి కంప్యూటర్ హాల్లో ఉంటుంది. ప్రాజెక్టు పని కోసం పిల్లలు, కరెంటు బిల్లు కోసం మనం, రైలు టికెట్ కోసం ఇంటికొచ్చిన చుట్టాలు, అందరూ దాని ముందే కూర్చుంటారు. అందులో మన మెసేజింగ్ యాప్ పెట్టడమంటే బీరువాకు రెండో తాళంచెవి చేయించి హాల్లో మేకుకు తగిలించినట్టే. ఆ తాళంచెవిని జాగ్రత్త చేసుకోవడం కూడా ఇన్‌స్టాలేషన్‌లో భాగమే.

సిగ్నల్ అంటే ఏమిటి?

2021 జనవరిలో వాట్సాప్ కొత్త ప్రైవసీ పాలసీ గురించి దేశమంతటా చర్చ జరిగినప్పుడు మనలో చాలామంది ఈ పేరు తొలిసారి విన్నారు. ఆ రోజుల్లో మన దేశంలో ఎక్కువగా డౌన్‌లోడ్ అయిన యాప్‌లలో అది మొదటి స్థానానికి చేరింది. దీన్ని నడిపేది సిగ్నల్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని అమెరికన్ సంస్థ. మాక్సీ మార్లిన్‌స్పైక్, వాట్సాప్ వ్యవస్థాపకుల్లో ఒకరైన బ్రయాన్ ఆక్టన్ కలిసి 2018లో దీన్ని ప్రారంభించారు. ఆక్టన్ అప్పట్లో 5 కోట్ల డాలర్లు సమకూర్చారు. యాప్‌లో ప్రకటనలు ఉండవు, రుసుము లేదు. ఖర్చులు ప్రధానంగా విరాళాలతో నడుస్తాయి.

‘ఓపెన్ సోర్స్’ అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏ కోడ్‌తో రాశారో అది అందరికీ కనిపించేలా బహిరంగంగా ఉంచడం. హోటల్లో వంటగదికి అద్దాల గోడ పెట్టినట్టన్నమాట. మనకు వంట రాకపోయినా, వచ్చినవాళ్లు బయట నిలబడి లోపల ఏం వేస్తున్నారో చూడగలరు. ప్రపంచంలో ఎక్కడి నిపుణులైనా ఆ కోడ్‌ను చదివి లోపాలు కనిపెట్టవచ్చు.

సిగ్నల్‌లో సందేశాలు ‘ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్’తో వెళ్తాయి. మన పరికరంలోనే సందేశం రహస్య సంకేతంగా మారి, అవతలివారి పరికరంలో మాత్రమే మళ్లీ చదవగలిగే రూపంలోకి వస్తుంది. మధ్యలో ఉన్న సర్వర్ దాన్ని చదవలేదు. 2016లో అమెరికాలో ఒక దర్యాప్తు కోసం ఒక ఖాతా వివరాలు ఇవ్వాలని ఆదేశం వచ్చినప్పుడు, అప్పట్లో సిగ్నల్‌ను నడిపిన సంస్థ ఇవ్వగలిగినవి రెండే: ఆ ఖాతా ఎప్పుడు మొదలైంది, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయింది. మిగతావి వారి దగ్గర లేనే లేవు.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. వాట్సాప్ కూడా 2016 నుంచి సందేశాల రక్షణకు సిగ్నల్ రూపొందించిన పద్ధతినే వాడుతోంది. కాబట్టి వాట్సాప్ వాడేవారు కంగారు పడనక్కర్లేదు. తేడా ఎక్కడంటే, సిగ్నల్ యాప్ కోడ్ బహిరంగంగా ఉంటుంది, మనం ఎవరితో ఎప్పుడు మాట్లాడామన్న సమాచారాన్ని వీలైనంత తక్కువగా ఉంచుకుంటుంది. ఇంకో మాట: అవతలివారి దగ్గర కూడా సిగ్నల్ ఉంటేనే మాట్లాడుకోగలం.

మొదలుపెట్టే ముందు

ఈ మూడూ సిద్ధంగా ఉన్నాయో లేదో చూసుకోండి.

1. ఫోన్‌లో సిగ్నల్ ఉండాలి. ఒక్క కంప్యూటర్‌తోనే ఖాతా తెరవడం కుదరదు. ముందు ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి ఫోన్‌లో ఇన్‌స్టాల్ చేసి, మీ నంబరుకు వచ్చే ఓటీపీతో రిజిస్టర్ కావాలి. అప్పుడు ఒక పిన్ పెట్టుకోమంటుంది. పుట్టిన సంవత్సరం, 1234 లాంటివి కాకుండా మీకు గుర్తుండేది పెట్టుకోండి.

2. కంప్యూటర్ మరీ పాతది కాకూడదు. విండోస్ 7, విండోస్ 8 ఉన్న కంప్యూటర్లలో ఇప్పటి సిగ్నల్ పనిచేయదు. విండోస్ 10 లేదా 11 కావాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. వీలుంటే విండోస్ 11కు మారడం మేలు.

3. ఫోన్, కంప్యూటర్ రెండింటికీ ఇంటర్నెట్ ఉండాలి.

ఎక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి?

మొత్తం పనిలో అన్నింటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. బ్రౌజర్ పైన ఉండే అడ్రస్ గడిలో ‘సిగ్నల్ డాట్ ఓఆర్‌జీ’ చిరునామాను మీరే ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన మొదటి లింకును నొక్కేయకండి. వెతుకులాట ఫలితాల్లో పైన వచ్చేవి కొన్ని ప్రకటనలు. అసలు సైటును పోలిన నకిలీ పేజీలు అక్కడ చోటు కొనుక్కోగలవు. ‘ఉచిత సాఫ్ట్‌వేర్’ అంటూ అన్ని రకాల ప్రోగ్రాములూ ఒకేచోట ఇచ్చే సైట్లు, గ్రూపుల్లో ఫార్వర్డ్ అయ్యే ఫైళ్లు, పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన కాపీ, ఇవేవీ వద్దు.

కోడ్ అందరికీ అందుబాటులో ఉండటం వల్ల మంచితో పాటు ఒక చిక్కు కూడా ఉంది. దాన్ని తీసుకుని కొద్దిగా మార్చి, దాదాపు అదే పేరుతో ఇంకో యాప్ తయారు చేయవచ్చు. ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ 2023 ఆగస్టులో అలాంటి ఒక యాప్‌ను బయటపెట్టింది. దాని పేరు ‘సిగ్నల్ ప్లస్ మెసెంజర్’. గూగుల్ ప్లే స్టోర్‌లో, సామ్‌సంగ్ గెలాక్సీ స్టోర్‌లో కూడా అది చోటు సంపాదించింది. చూడటానికి సిగ్నల్ లాగే పనిచేసేది. కానీ వాడేవారికి తెలియకుండా వారి ఖాతాను దాడి చేసేవారి పరికరానికి కలిపేసేది. పేరు చివర ‘ప్లస్’, ‘ప్రో’, ‘గోల్డ్’ లాంటి తోకలుంటే అక్కడే ఆగిపోండి.

ఇన్‌స్టాల్ చేసే పద్ధతి

విండోస్‌లో: సైటులో ‘డౌన్‌లోడ్’ పేజీకి వెళ్లి విండోస్ అని ఉన్న బటన్ నొక్కండి. ఫైల్ ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డర్‌లోకి చేరుతుంది. దాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే చాలు. ‘నెక్స్ట్, నెక్స్ట్’ అంటూ నొక్కాల్సిన పని లేదు, తానే ఇన్‌స్టాల్ అయి తెరుచుకుంటుంది. మధ్యలో ఇంకేదైనా టూల్‌బార్, యాంటీవైరస్ కలిపి ఇన్‌స్టాల్ చేయమంటావా అని అడిగిందంటే మీ దగ్గరున్నది అసలు ఫైల్ కాదు. వెంటనే ఆపేసి ఆ ఫైల్‌ను తొలగించండి.

మ్యాక్‌లో: మ్యాక్ బటన్ నొక్కి, వచ్చిన ఫైల్ తెరిచి, సిగ్నల్ గుర్తును ‘అప్లికేషన్స్’ ఫోల్డర్‌లోకి లాగి వదలండి.

లినక్స్‌లో: ఉబుంటు, మింట్ లాంటి డెబియన్ కుటుంబానికి చెందిన వ్యవస్థలకు డౌన్‌లోడ్ పేజీలోనే కొన్ని కమాండ్లు ఇచ్చారు. వాటిని అదే వరసలో టెర్మినల్‌లో పెట్టి నడపాలి. వాటిలో మొదటిది సిగ్నల్ వారి అధికారిక తాళాన్ని కంప్యూటర్‌కు పరిచయం చేస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి అప్‌డేట్ నిజంగా వారిదేనా అని కంప్యూటర్ దాంతో సరిచూసుకుంటుంది. అందుకే ఆ కమాండ్‌ను వదిలేయకూడదు.

ఫోన్‌తో కలపడం

కంప్యూటర్‌లో సిగ్నల్ మొదటిసారి తెరవగానే తెర మీద ఒక క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. ఇప్పుడు ఫోన్ తీసుకోండి.

1. ఫోన్‌లో సిగ్నల్ తెరిచి ‘సెట్టింగ్స్’లోకి వెళ్లండి.
2. ‘లింక్డ్ డివైసెస్’ నొక్కి, కొత్త పరికరాన్ని కలిపే బటన్ నొక్కండి. ఫోన్ లాక్ లేదా వేలిముద్ర అడిగితే ఇవ్వండి.
3. తెరుచుకున్న కెమెరాను కంప్యూటర్ తెర మీది కోడ్‌కు ఎదురుగా పట్టుకోండి.
4. పాత సందేశాలను కంప్యూటర్‌కు పంపాలా, వద్దా అని ఫోన్ అడుగుతుంది.
5. కంప్యూటర్‌కు ఒక పేరు పెట్టండి. ‘హాల్ డెస్క్‌టాప్’, ‘నాన్న ల్యాప్‌టాప్’ అని గుర్తుపట్టేలా పెడితే తర్వాత సులువవుతుంది.

నాలుగో అడుగు దగ్గర ఒక్క నిమిషం ఆలోచించండి. 2025 మొదట్లో వచ్చిన ఈ సౌకర్యంతో పాత చాట్లు, గత 45 రోజుల ఫొటోలు, వీడియోలు, ఫైళ్లు కంప్యూటర్‌లోకి వస్తాయి. మీరొక్కరే వాడే ల్యాప్‌టాప్ అయితే ఇది ఎంతో ఉపయోగం. అందరూ వాడే కంప్యూటర్ అయితే ‘వద్దు’ అనడమే మంచిది. అప్పుడు కలిపిన క్షణం నుంచి వచ్చే సందేశాలు మాత్రమే అందులో కనిపిస్తాయి.

ఒకసారి కలిపాక ఫోన్ ఆఫ్‌లో ఉన్నా కంప్యూటర్‌లో సిగ్నల్ పనిచేస్తుంది. ఒక ఖాతాకు గరిష్ఠంగా 5 పరికరాలను కలుపుకోవచ్చు. చాలా వారాలు వాడకపోతే ఆ పరికరం తానే విడిపోతుంది, మళ్లీ కోడ్ స్కాన్ చేస్తే సరిపోతుంది. సెట్టింగ్స్‌లోని భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది. ఇంగ్లిష్ మెనూలతో ఇబ్బంది పడే అమ్మమ్మలు, తాతయ్యల కోసం మార్చి చూడండి.

అందరూ వాడే కంప్యూటర్ అయితే

ఫోన్‌లోని సిగ్నల్‌కు విడిగా తాళం పెట్టుకునే వీలుంది. కంప్యూటర్‌లో మాత్రం ఆ కాపలా పని విండోస్ పాస్‌వర్డే చేయాలి. పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకునే కంప్యూటర్‌లో సిగ్నల్ గుర్తు మీద క్లిక్ చేసిన ఎవరికైనా మన చాట్లన్నీ కనిపిస్తాయి. ఎన్‌క్రిప్షన్ కాపాడేది దారిలో ఉన్న సందేశాన్ని. ఇంటికి చేరి తెర మీద తెరుచుకున్న సందేశాన్ని కాపాడాల్సింది మనమే. ఈ నాలుగు పనులు చేయండి.

మొదటిది, పిల్లలకు విండోస్‌లో వేరే యూజర్ అకౌంట్ తెరవండి. సిగ్నల్ ఏ అకౌంట్‌లో ఇన్‌స్టాల్ అయితే ఆ అకౌంట్‌లోనే తెరుచుకుంటుంది. పాప తన అకౌంట్‌లో లాగిన్ అయితే మీ చాట్లు కనిపించవు. మీ అకౌంట్‌కు పాస్‌వర్డ్, పాపది సాధారణ యూజర్ అకౌంట్. ఈ ఒక్క పనితో సగం సమస్య తీరిపోతుంది.

రెండోది, కుర్చీలోంచి లేచేటప్పుడు విండోస్ కీ, ఎల్ కీ కలిపి నొక్కడం అలవాటు చేసుకోండి. కంప్యూటర్ లాక్ అవుతుంది. పిల్లలకూ నేర్పండి, వాళ్లు మనకంటే త్వరగా అలవాటు చేసుకుంటారు.

మూడోది, సిగ్నల్ సెట్టింగ్స్‌లో ‘నోటిఫికేషన్స్’ తెరిచి, సందేశం మూలన కనిపించకుండా మార్చండి. పేరు మాత్రమే చూపించమనవచ్చు, అదీ వద్దనవచ్చు. ఆన్‌లైన్ మీటింగ్‌లో మన తెరను పదిమందికీ చూపిస్తున్నప్పుడు ఇంటి విషయం పైకి రాకుండా ఇది కాపాడుతుంది.

నాలుగోది, నెలకోసారి ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ జాబితా చూడండి. మీకు తెలియని పేరు ఉంటే వెంటనే తీసేయండి.

విండోస్ 11లో సిగ్నల్ తెరను స్క్రీన్‌షాట్ తీస్తే నల్లగా వస్తుంది. అది లోపం కాదు. తెర మీద కనిపించేదాన్ని ఎప్పటికప్పుడు ఫొటోలుగా దాచుకునే మైక్రోసాఫ్ట్ ‘రీకాల్’ సౌకర్యంలో మన చాట్లు చిక్కకుండా 2025 మేలో సిగ్నల్ పెట్టిన అడ్డు అది. అవసరమైతే సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు.

క్యూఆర్ కోడ్ విషయంలో జాగ్రత్త

కంప్యూటర్‌ను కలపడానికి ఒక్క స్కాన్ చాలు. మోసగాళ్లు కనిపెట్టుకుని ఉండేది ఈ సులువు కోసమే. రష్యాకు సంబంధించిన హ్యాకర్ బృందాలు గ్రూపు ఆహ్వానాల్లా కనిపించే నకిలీ క్యూఆర్ కోడ్‌లు పంపుతున్నాయని గూగుల్ భద్రతా నిపుణులు 2025 ఫిబ్రవరిలో హెచ్చరించారు. గ్రూపులో చేరుతున్నామనుకుని స్కాన్ చేస్తే, మన ఖాతా వాళ్ల కంప్యూటర్‌కు కలిసిపోతుంది. అక్కడి నుంచి మన ప్రతి సందేశం వాళ్లకూ చేరుతుంది. సిగ్నల్ తాళం విరగ్గొట్టకుండానే, మన చేతే తాళంచెవి ఇప్పించుకున్నారన్నమాట.

కాబట్టి ఇంట్లో అందరికీ ఒకటే నియమం: పరికరాన్ని కలిపే కోడ్‌ను మన కళ్ల ముందున్న, మనమే తెరిచిన కంప్యూటర్ నుంచి మాత్రమే స్కాన్ చేయాలి. ఎవరో పంపినది, పోస్టర్ మీద ఉన్నది, ఫోన్‌లో ఎవరో చెబుతుంటే తెరిచినది వద్దు. ఓటీపీ గానీ, సిగ్నల్ పిన్ గానీ ఎవరికీ చెప్పకండి. ‘సిగ్నల్ సపోర్ట్’ పేరుతో చాట్‌లో అడిగినవారు మోసగాళ్లే. డబ్బు పోయిందని గమనిస్తే ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.

కంప్యూటర్ అమ్మేటప్పుడు, ఇచ్చేటప్పుడు

పాత ల్యాప్‌టాప్‌ను చెల్లెలి కొడుక్కి ఇచ్చేటప్పుడో, ఎక్స్చేంజ్‌లో అమ్మేటప్పుడో చాలామంది ఫోన్‌లోంచి ఆ పరికరాన్ని తీసేసి ఊరుకుంటారు. దాంతో కొత్త సందేశాలు రావడం ఆగుతుంది, కానీ అప్పటికే చేరిన చాట్లు, ఫొటోలు కంప్యూటర్‌లో అలాగే ఉంటాయి. ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ సమాచారం మిగిలిపోవచ్చు. సరైన వరస ఇది: ముందు కంప్యూటర్‌లోని సిగ్నల్ సెట్టింగ్స్‌లో సమాచారం మొత్తాన్ని చెరిపేసే ఆప్షన్ వాడండి. తర్వాత ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ నుంచి తీసేయండి. ఆపై ప్రోగ్రామ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అమ్మేస్తుంటే కంప్యూటర్ మొత్తాన్ని రీసెట్ చేసి ఇవ్వండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు కూడా మొదటి రెండు పనులు మరచిపోవద్దు.

పిల్లలకు చెప్పాల్సింది

సిగ్నల్ నిబంధనల ప్రకారం ఖాతా తెరవాలంటే కనీసం 13 ఏళ్లు నిండాలి. అంతకంటే చిన్నవారికి వారి పేరుతో ఖాతా వద్దు. తాతయ్యతో మాట్లాడాలంటే మీ ఫోన్‌లో, మీ పక్కన కూర్చుని మాట్లాడనివ్వండి. పెద్ద పిల్లలకు ఖాతా ఇచ్చేటట్లయితే, ఫోన్ నంబరు బదులు యూజర్‌నేమ్‌తో పరిచయమయ్యే సౌకర్యం 2024 నుంచి ఉందని చూపించండి. నంబరు ఎవరికి కనిపించాలో సెట్టింగ్స్‌లో కలిసి చూడండి.

‘డిసప్పియరింగ్ మెసేజెస్’ గురించీ మాట్లాడండి. నిర్ణీత సమయం తర్వాత చెరిగిపోయే సందేశాలవి. చెరిగిపోతాయి కదా అని ఏది పడితే అది పంపకూడదు. అవతలివారు ఇంకో ఫోన్‌తో ఆ తెరను ఫొటో తీసుకుంటే ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వంలోని పెద్దలు సైనిక చర్య గురించి మాట్లాడుకున్న సిగ్నల్ గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ని చేర్చుకున్న సంగతి పెద్ద పిల్లలు వినే ఉంటారు. అక్కడ ఎన్‌క్రిప్షన్ తప్పేమీ లేదు, గ్రూపులో ఎవరున్నారో చూసుకోకపోవడమే తప్పు. ఈ ఉదాహరణ పిల్లలకు బాగా అర్థమవుతుంది.

మరో మాట. ఈ వ్యాసం మీ అవగాహన కోసం మాత్రమే. పాఠశాల సమాచారం కోసం మీరు సిగ్నల్ పెట్టుకోనవసరం లేదు. పాఠశాల పేరుతో ఏ కొత్త యాప్‌లోనైనా ఫీజు కట్టమనో, కోడ్ స్కాన్ చేయమనో సందేశం వస్తే ముందు ఆఫీసుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి.

ఈ ఆదివారం చేయాల్సిన పనులు

• పిల్లలకు విండోస్‌లో వేరే అకౌంట్ తెరవడం, మీ అకౌంట్‌కు పాస్‌వర్డ్ పెట్టడం
• చిరునామా మీరే టైప్ చేసి అసలు సైటు నుంచి డౌన్‌లోడ్ చేయడం
• కంప్యూటర్‌కు గుర్తుపట్టే పేరు పెట్టి ఫోన్‌తో కలపడం
• నోటిఫికేషన్‌లో సందేశం కనిపించకుండా మార్చడం
• ‘లింక్డ్ డివైసెస్’ జాబితా చూడటం. వాట్సాప్‌లోనూ ఇదే పేరుతో జాబితా ఉంది, దాన్నీ చూడండి

చివరి పని సిగ్నల్ వాడని ఇళ్లకు కూడా వర్తిస్తుంది. ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం తెరిచిన కంప్యూటర్ పేరు ఇంకా అక్కడే ఉండవచ్చు. అలాంటిది కనిపిస్తే ఈ రోజే తీసేయండి.